కచేరీకీ స్టూడియోకీ ఒకే అనలాగ్ మిక్సరు: కంప్యూటర్లోకి విడివిడి ట్రాకులు రావాలంటే ఏది తీసుకోవాలి?

సాలిగ్రామం_గది

నమస్కారం. చెన్నైలో, సాలిగ్రామంలో ఒక చిన్న గదిని రికార్డింగుకు అనువుగా మార్చుకొని భక్తిగీతాలు, అన్నమయ్య కీర్తనలు, అప్పుడప్పుడు డబ్బింగు పనులు చేస్తున్నాను. దీనితో పాటు ఇక్కడి తెలుగు సంఘాలు జరిపే ఉగాది వేడుకలకూ, త్యాగరాజ ఆరాధనలకూ, చిన్న సభల్లోని కచేరీలకూ సౌండు బాధ్యత చూసుకుంటున్నాను. ఇంతవరకు గదిలో రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేసు (మైకు శబ్దాన్ని కంప్యూటరుకు అందించే పెట్టె), వేదిక దగ్గర అద్దె మిక్సరు వాడుతూ వచ్చాను. ఇప్పుడు రెండు చోట్లకూ పనికివచ్చే ఒకే మిక్సరు కొనాలని ఉంది.

కచేరీలో సాధారణంగా గాత్రం, తోడు గాత్రం, వయొలిన్, మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు, ఘటం లేదా కంజీర, మోర్సింగ్, ఎలక్ట్రానిక్ తంబూరా ఉంటాయి. వీటన్నిటికీ తోడు వ్యాఖ్యాతకు ఒక మైకు తప్పదు. ఇవన్నీ ల్యాప్‌టాప్‌లోకి దేనికదే ట్రాకుగా రావాలి, తర్వాత గదిలో తీరిగ్గా మిక్స్ చేసుకోవాలి. అనలాగే కావాలనడానికి కారణం ఉంది: నాకు సాయం వచ్చే కుర్రాళ్లు ఎదురుగా నాబ్ కనిపిస్తే తిప్పగలరు గాని, తెరలో మెనూలు వెతుకుతూ కూర్చోలేరు. ల్యాప్‌టాప్ విండోస్‌ది. లక్ష రూపాయల లోపు ఖర్చు పెట్టగలను.

దుకాణాల్లో అడిగితే ‘యూఎస్‌బీ ఉంది సార్, రికార్డింగ్ అయిపోతుంది’ అంటున్నారే తప్ప ఎన్ని ట్రాకులు వస్తాయన్నదానికి సూటిగా జవాబు చెప్పడం లేదు. పాతవి అమ్మే చోట ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటి పాత తరం కనెక్షను) ఉన్న పదహారు చానెళ్ల పెద్ద మిక్సరొకటి చవకగా కనిపిస్తోంది, అది తీసుకోవచ్చా అన్నది రెండో సందేహం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

వడపళని_కన్సోల్

మీరు దుకాణంలో అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న అండీ. అనలాగ్ మిక్సర్లలో యూఎస్‌బీ అంటే రెండు వేర్వేరు సంగతులు. మొదటి రకంలో చానెళ్లన్నీ లోపల కలిసిపోయాక వచ్చే స్టీరియో శబ్దం మాత్రమే, అంటే ఎడమ, కుడి రెండు ట్రాకులే కంప్యూటరుకు వెళ్తాయి. యమహా ఎంజీ12ఎక్స్‌యూ, ఎంజీ16ఎక్స్‌యూ, పేరు చివర ఎంటీకే (మల్టీట్రాక్) అన్న అక్షరాలు లేని సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఈ కోవలోవి. యమహాది 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ వరకు రికార్డు చేయగలదు. ఆ అంకె చూసి ముచ్చటపడేవారు చాలామంది ఉన్నారు గాని, ఎంత నాణ్యతతో తీసుకున్నా వచ్చేవి రెండు ట్రాకులే.

ఆ రెండు ట్రాకులతో కచేరీ రికార్డు ఎందుకు చెడుతుందో మీరు గమనించే ఉంటారు. చిన్న హాల్లో మృదంగం మైకు లేకుండానే చివరి వరుస దాకా వినిపిస్తుంది కాబట్టి దాని ఫేడరును (చానెల్ శబ్దాన్ని పెంచే, తగ్గించే జారుడు మీటను) బాగా కిందే ఉంచుతాం. హాల్లో వినేవారికి అది సరిపోతుంది. అదే స్టీరియో మిక్సును ఇంట్లో వింటే గాత్రం ఒక్కటే మీద పడుతుంది, మృదంగం పక్క గదిలో వాయించినట్టు ఉంటుంది. కలిసిపోయాక విడదీయలేము. గదిలో ఇంకో చిక్కు ఉంది: ముందే రికార్డయిన ట్రాకును గాయనికి వినిపిస్తూ పాడించేటప్పుడు, ఇలాంటి మిక్సర్లలో చాలావాటిలో ఆ పాత ట్రాకు కూడా కొత్త గాత్రంతో కలిసి మళ్లీ రికార్డవుతుంది. దాన్ని తప్పించే దారులు ఉన్నాయి గాని, ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి.

రెండో రకంలో ప్రతి చానెలూ దేనికదే వెళ్తుంది. మీరు చూడవలసినవి ఇవే. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే కంప్యూటరుకు 14 ట్రాకులు పంపి 12 వెనక్కి తీసుకుంటుంది, 22 ఎంటీకే 24 పంపి 22 తీసుకుంటుంది. టాస్కామ్ మోడల్ 12, 16, 24 కూడా ఈ జాతివే, పైగా వీటిలో ల్యాప్‌టాప్ అవసరం లేకుండా నేరుగా ఎస్‌డీ కార్డు మీదికే ట్రాకులన్నీ రికార్డవుతాయి. మకీ ఆనిక్స్ శ్రేణిలో 2020 ప్రాంతంలో వచ్చిన కొత్త నమూనాలూ బహుళ ట్రాకులవే. అలెన్ అండ్ హీత్ జెడ్‌ఈడీఐ-10 మధ్యస్థం, నాలుగు ట్రాకులు ఇస్తుంది, వీణ కచేరీకి సరిపోతుందేమో గాని మీ అవసరానికి చాలదు.

పేరులోని అంకెను మైకుల సంఖ్య అనుకోవద్దు. సిగ్నేచర్ 12 ఎంటీకేలో మైకు ప్రీయాంపులు (మైకు సన్నని శబ్దాన్ని పెంచే భాగాలు, మైకుకు ఒకటి చొప్పున కావాలి) ఎనిమిదే, మోడల్ 12లోనూ ఎనిమిదే. మీ లెక్క ప్రకారం రెండు గాత్రాలు, వయొలిన్, మృదంగానికి రెండు, ఘటం, మోర్సింగ్, వ్యాఖ్యాత కలిపి సరిగ్గా ఎనిమిది. తంబూరా పెట్టెను లైన్ ఇన్‌పుట్‌లో పెట్టవచ్చు కాబట్టి దానికి మైకు ప్రీయాంపు ఖర్చు చేయనక్కరలేదు. కాని చప్పట్లను, హాలు ప్రతిధ్వనిని పట్టే రెండు మైకులు లేకపోతే విడివిడి ట్రాకుల కచేరీ రికార్డు ఎండిపోయినట్టు వినిపిస్తుంది. వాటితో కలిపి పది అవుతాయి. మోడల్ 16లో సరిగ్గా పది ప్రీయాంపులు, 22 ఎంటీకేలోనూ మోడల్ 24లోనూ పదహారు ఉంటాయి.

కొనే ముందు ఆ మిక్సరు మాన్యువల్ చివర ఉండే బ్లాక్ డయాగ్రామ్ (శబ్దం నడిచే దారి చూపే బొమ్మ) తెరిచి, యూఎస్‌బీకి వెళ్లే శబ్దం ఎక్కడినుంచి చీలుతోందో చూడండి. ఈ రకం మిక్సర్లలో సాధారణంగా అది గెయిన్ (వచ్చే శబ్దాన్ని మొదట ఎంత పెంచాలో చెప్పే నాబ్) తర్వాత, ఈక్యూకూ (మంద్ర, తార స్వరాలను విడిగా పెంచే, తగ్గించే నాబ్‌లకూ) ఫేడరుకూ ముందే చీలుతుంది. అంటే హాలు కోసం మీరు ఫేడర్లతో ఎన్ని తిప్పలు పడ్డా రికార్డు చెక్కుచెదరదు. టాస్కామ్ మోడల్ శ్రేణిలో ఒక్క నాబ్ ఉండే కంప్రెసరు (శబ్దం హెచ్చుతగ్గులను అణిచేది) మాత్రం ఆ చీలికకు ముందే ఉంది కాబట్టి, దాన్ని తిప్పితే రికార్డుకూ ఎక్కుతుంది. గెయిన్ సంగతి ఏ మిక్సరులోనైనా అంతే: కచేరీ మధ్యలో గెయిన్ ముట్టుకుంటే రికార్డు మట్టమూ, కళాకారులకు వేదిక మీద వినిపించే మానిటర్ స్పీకరు శబ్దమూ ఒక్కసారిగా మారిపోతాయి. సౌండ్‌చెక్‌లో గాయకుడు తారస్థాయిలో పాడినప్పుడు మీటరు మైనస్ 10 డెసిబెళ్లు దాటకుండా గెయిన్ పెట్టి, మీ కుర్రాళ్లకు ఆ వరుస నాబ్‌లను ముట్టుకోవద్దని చెప్పండి. 24 బిట్ రికార్డింగులో మట్టం కాస్త తక్కువైనా నష్టం లేదు, ఎక్కువై పగిలితే మాత్రం బాగుచేయలేము.

ఎస్పీరోడ్డు_సోల్డరింగు

బెంగళూరు నుంచి. ఫైర్‌వైర్ గురించి మాత్రమే చెబుతాను. మకీ ఆనిక్స్ 1640ఐ, అలెన్ అండ్ హీత్ జెడ్‌ఈడీ-ఆర్16 వంటివి నిజంగా మంచి మిక్సర్లు, ఈనాటి ధరలకు వాటి ప్రీయాంపులు, ఫేడర్లు దొరకడం కష్టమే. అయితే కొత్త ల్యాప్‌టాపుల్లో ఫైర్‌వైర్ పోర్టు లేదు, డ్రైవర్ల తాజా రూపాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. పాత కంప్యూటరును దాని కోసమే కాపాడుకోగలిగితే గదిలో నడుస్తుంది గాని, వేదిక మీదికి దాన్ని నమ్ముకొని వెళ్లవద్దు. ఇలాంటివాటిని మామూలు అనలాగ్ మిక్సర్లు అనుకొని, ఆ ధరకే గిట్టుబాటవుతుందంటే కొనండి.

ఇప్పటికే మంచి మిక్సరు ఉన్నవారికి ఇంకో దారి ఉంది. ప్రతి చానెల్ వెనుక ఇన్సర్ట్ అన్న జాక్ ఉంటే, మోనో పిన్నును అందులో మొదటి ‘టక్’ దగ్గర ఆపండి. పూర్తిగా తోయకండి. అక్కడ ఆపితే శబ్దం మిక్సరులో యథాతథంగా సాగుతూనే ఒక పాయ బయటికి వస్తుంది. అలాంటి ఎనిమిది పాయలను ఎనిమిది లైన్ ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేసులోకి పంపవచ్చు. ఎవరైనా కాలు తగిలించి పిన్ను లోపలికి వెళ్లిందంటే ఆ చానెల్ హాల్లో మూగబోతుంది, కాబట్టి నా దృష్టిలో ఇది గదికే తగిన ఉపాయం.

టాబ్లెట్_మిక్స్

నా మాట కొంచెం ఎదురీతలా ఉండవచ్చు. మీ బడ్జెట్‌లో డిజిటల్‌ను పక్కన పెట్టడం సబబుగా అనిపించడం లేదు. బెరింగర్ ఎక్స్‌ఆర్18లో పదహారు ప్రీయాంపులు, ఆరు ఆక్స్ అవుట్‌లు (మానిటర్ల వంటివాటికి వేరే మిక్స్ పంపే దారులు), యూఎస్‌బీలో 18 ట్రాకులు రానూ పోనూ ఉన్నాయి. నిరుడు ఇదే హాల్లో, ఇదే కళాకారుడికి పెట్టిన అమరిక మొత్తం ఒక్క స్పర్శతో తిరిగి వస్తుంది. అనలాగ్ మిక్సరులో మిక్స్ చేసిన పాటను నెల తర్వాత నిర్మాత ‘గాత్రం కాస్త పెంచండి’ అంటే, ప్రతి నాబ్‌నూ ఫోటో తీసి ఉంచుకోకపోతే మళ్లీ మొదటికే వస్తారు.

వడపళని_కన్సోల్

టాబ్లెట్_మిక్స్ గారు చెప్పిన ఫోటో సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. స్టూడియో మాత్రమే అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. కాని ఎక్స్‌ఆర్18కు సొంత ఫేడర్లు లేవు, అంతా టాబ్లెట్ లేదా కంప్యూటర్ తెర మీదే. ఆరేడు వందల ఫోన్లు ఉన్న హాల్లో దాని లోపలి వైఫై మీద ఆధారపడకూడదు, వేరే రౌటరు పెట్టుకోవాలి. మైకు కూత (ఫీడ్‌బ్యాక్) మొదలైన క్షణంలో చేయి ఫేడరు మీదికి వెళ్లే కుర్రాడు తెరలో పేజీ మార్చుకునేలోపు సభంతా తలలు తిప్పి చూస్తుంది. ప్రశ్న అడిగినవారి మనుషులను బట్టి అనలాగే సరైనదని నా అభిప్రాయం. మిక్సింగును ఎలాగూ కంప్యూటరులోనే చేస్తారు కాబట్టి, అమరికలను గుర్తుపెట్టుకునే పని దానికే వదిలేయవచ్చు.

ఇంకో మాట మరిచాను, హమ్ గురించి. ల్యాప్‌టాప్ మిక్సరుకు తగిలించగానే స్పీకర్లలో సన్నని రొద మొదలైతే ముందు చార్జరు పీకి చూడండి. రొద ఆగితే నేరం చార్జరుది, ఎర్తింగ్ వలయానిది (రెండు పరికరాల ఎర్త్ తీగలు కలిసి చుట్టుగా మారడానిది). మిక్సరు, ల్యాప్‌టాప్ రెంటినీ ఒకే పవర్ బోర్డు నుంచి నడపండి, లేదా కచేరీ సేపు బ్యాటరీ మీద ఉంచండి. వీణ, వయొలిన్ పికప్‌లకు గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్‌ను విడదీసే మీట) ఉన్న డీఐ బాక్సు (పికప్ శబ్దాన్ని మైకు ఇన్‌పుట్‌కు సరిపోయేలా మార్చే పెట్టె) వాడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడుతుంటే మంద్ర పంచమం దాదాపు 104 హెర్ట్జ్, అంటే హమ్ సరిగ్గా దాని కిందే అపశ్రుతిగా నిలబడుతుంది. సినిమా పాటల వేదిక మీద ఎవరూ పట్టించుకోని హమ్, తంబూరా పక్కన మాత్రం అందరికీ వినిపించడానికి కారణం ఇదే.

సాలిగ్రామం_గది

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫైర్‌వైర్ ఆలోచన మానుకున్నాను. హాలు మైకులను కూడా లెక్కలో వేసుకుంటే 22 ఎంటీకే, మోడల్ 16 మిగిలాయి. రెండు చిన్న సందేహాలు. ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోతే పరిస్థితి ఏమిటి? రెండున్నర గంటల కచేరీకి ఎంత చోటు కావాలి?

వడపళని_కన్సోల్

చోటు లెక్క సులభం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక్క ట్రాకుకు నిమిషానికి 8.64 మెగాబైట్లు. పన్నెండు ట్రాకులకు నిమిషానికి నూటనాలుగు దాకా, రెండున్నర గంటలకు దాదాపు 16 గిగాబైట్లు. ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. సినిమా పనులతో కలపవలసి రావచ్చు కాబట్టి 44.1 కాక 48 మీదే స్థిరపడండి. ఇంతకుమించిన శ్యాంప్లింగ్ రేటు కచేరీకి అవసరం లేదు.

ల్యాప్‌టాప్ ఆగినా మిక్సరు ఆగదు, అది అనలాగ్‌లోని సుఖం: హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు, పోయేది రికార్డే. ఆ భయం గట్టిగా ఉంటే మోడల్ 16 వైపు మొగ్గండి, ఎందుకంటే కార్డు మీద రికార్డు ల్యాప్‌టాప్‌తో సంబంధం లేకుండా సాగుతుంది. దానిలో ప్రతి చానెల్ దగ్గరా లైవ్ (మైకు), పీసీ (కంప్యూటరు), ఎంటీఆర్ (కార్డు మీది రికార్డు) అన్న మీట ఉంటుంది. సౌండ్‌చెక్‌లో ఒక కీర్తన రికార్డు చేసి, మీటలను ఎంటీఆర్ వైపు తిప్పితే కళాకారులు భోజనానికి వెళ్లినా మీరు హాల్లో మిక్స్ సరిచూసుకోవచ్చు. ఆ తర్వాత అన్నీ లైవ్‌కు తెచ్చారో లేదో చూసుకోవాలి, లేకపోతే కచేరీ మొదలయ్యాక మైకు మూగగా ఉంటుంది. 22 ఎంటీకేలో మైకులు ఎక్కువ, ఆర్కెస్ట్రా కార్యక్రమాలు కూడా ఒప్పుకునే ఆలోచన ఉంటే అదే నయం, కాని ల్యాప్‌టాప్ తప్పనిసరి. మీరు అడిగినది ఎక్కువగా కచేరీల గురించే కాబట్టి మీకు నేను మోడల్ 16నే చెబుతాను.

దుకాణానికి మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. విండోస్‌కు టాస్కామ్ సంస్థ ఇచ్చే ఆసియో డ్రైవరును (చానెళ్లన్నిటినీ విడివిడిగా కంప్యూటరుకు అందించేదాన్ని) ఇంట్లోనే దింపుకొని వెళ్లి, అక్కడ రీపర్ (రికార్డింగు సాఫ్ట్‌వేరు) తెరిచి, ఇన్‌పుట్ల జాబితాలో పద్నాలుగు చానెళ్లూ ప్రధాన స్టీరియో జతా కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఒక్క మైకునే వరుసగా ప్రతి సాకెట్టులోనూ పెట్టి మాట్లాడుతూ, ఏ ట్రాకులో మీటరు కదులుతోందో గమనించండి. ఇరవై నిమిషాల పని. దుకాణంవారు విసుక్కున్నా ఫరవాలేదు, బిల్లు చెల్లించేది ఆ తర్వాతే.