రోమా ప్రజల చరిత్ర పాఠం పెడితే పిల్లల్లో వాళ్లపై చులకన పోతుందా?

పలక_బలపం:
యూరప్ బడుల్లో రోమాల (చాలామంది జిప్సీలు అనే జనం) చరిత్ర చెప్పాలని కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2020 జులైలో సభ్యదేశాలకు సిఫారసు చేసింది. చెప్పాల్సిందే. కానీ పాఠ్యపుస్తకంలో ఒక పేరా అతికిస్తే ఏమీ జరగదు, కనీసం నాలుగు పీరియడ్లు కావాలి. మొదటి పీరియడ్‌కి అంకెలు చాలు. వాళ్ల భాష రోమానీలో యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్. హిందీ చెవినపడ్డ ఎవరికైనా తెలిసిపోతుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా, అంటే గ్రీకు. పది మళ్లీ దెష్. ఉత్తర భారతం నుంచి బయల్దేరినవాళ్లు గ్రీకు మాట్లాడే బైజాంటియం సామ్రాజ్యంలో చాలాకాలం ఉన్నారని పిల్లలే పట్టేస్తారు. రెండో పీరియడ్ రొమేనియా నేలమీది బానిసత్వం. మూడోది 1944 ఆగస్టు 2 రాత్రి, నాజీల అవుష్విట్జ్-బిర్కెనావ్‌లో రోమా శిబిరంలో మిగిలిన 4,000 మందికి పైగా జనాన్ని గ్యాస్ పెట్టి చంపిన రాత్రి. నాలుగోది ఇవాళ్టి సంగతి.

ఉప్పుటేరు:
జిప్సీలు అంటే అందరికీ అర్థమవుతుంది కదండీ. ఈ రోమాలేమిటి కొత్తగా?

అక్షరం_అరుగు:
ఈజిప్టు నుంచి వచ్చారనుకుని ఇతరులు పెట్టిన పేరది. ఇంగ్లండులో కొందరు తమను తామే అలా పిలుచుకుంటారు, అది వాళ్ల ఇష్టం. జర్మన్ మాట త్సిగోయ్నర్ (Zigeuner) సంగతి వేరు. అవుష్విట్జ్‌లో ఆ మాట మొదటి అక్షరం జెడ్‌ని ఖైదీ నంబరు ముందు చేతిమీద పచ్చబొట్టు పొడిచారు. ఏ మాట వాడాలన్నది చిన్న విషయం కాదు.

ఉప్పుటేరు:
తెలుగులో ఎవరూ పొడవలేదుగా. నేను జిప్సీ అనే అంటాను.

గోదారిగట్టు:
పేరు దగ్గరే ఆగిపోకండి. అసలు ఈ పాఠం ఎవరికి చెప్తారు? చెక్ రిపబ్లిక్ మీద 18 మంది రోమా పిల్లలు వేసిన డి.హెచ్. కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో తీర్పిచ్చింది. చెక్ నగరం ఒస్త్రావాలో రోమా కాని పిల్లాడితో పోలిస్తే రోమా పిల్లాడు మందబుద్ధుల ప్రత్యేక బడిలో పడే అవకాశం 27 రెట్లని ఆ కేసులో లెక్క చూపించారు. పరీక్ష పెట్టింది చెక్ భాషలో, చెక్ ఇళ్ల అలవాట్లకు తగ్గట్టు. ఆరేళ్ల పిల్ల అందులో తప్పిందంటే లోపం పరీక్షదే. ముందు ఆ గోడ కూల్చండి. రోమా పిల్ల ఒక్కరూ లేని గదిలో రోమాల పాఠం చెప్తే జంతుప్రదర్శనశాల గైడు మాటల్లా ఉంటుంది.

పలక_బలపం:
కలిపి కూర్చోబెడితే చులకన దానంతటదే పోతుందంటారా? వెనక బెంచీ ఎవరికి దక్కుతుందో మీకు తెలియనిది కాదు. మిగతావాళ్ల తల్లిదండ్రులు టీసీలు తీసుకుని వేరే బడికి పోతారు, రెండు మూడేళ్లకు ఆ బడి మళ్లీ రోమా బడే. కలిస్తే చులకన తగ్గుతుందని 1954లో రాసిన మనస్తత్వవేత్త ఆల్‌పోర్ట్ కూడా సమాన హోదా ఉండాలని షరతు పెట్టాడు. పాఠం లేకుండా ఆ హోదా ఎక్కడి నుంచి వస్తుంది?
పాఠం చెడిపోయే చోట్లూ నాకు తెలుసు. "రోమాల గురించి మీకేం తెలుసు?" అని మొదలుపెట్టి జవాబులు బోర్డుమీద రాస్తే దొంగలు, బిచ్చగాళ్లు అన్న మాటలే పీరియడంతా కళ్ల ముందుంటాయి. ఉన్న ఒక్క రోమా పిల్లని నిలబెట్టి "మీ ఇంట్లో ఎలా?" అని అడగకూడదు. శవాల ఫొటోలు అసలు వద్దు. జాలి పుడుతుంది, జాలిపడ్డవాణ్ణి ఎవరూ సమానంగా చూడరు.

మిరపతోట:
తగ్గిందో లేదో ఎలా కొలుస్తారు?

పలక_బలపం:
మర్నాడు "రోమాలు మంచివాళ్లా?" అని అడిగితే టీచరుకు నచ్చే జవాబే రాస్తారు. సామాజికవేత్త బొగార్డస్ పద్ధతిలో దూరం అడగాలి: పక్క బెంచీలో కూర్చుంటావా, పుట్టినరోజుకు పిలుస్తావా, వాళ్లింటికి వెళ్తావా. పాఠానికి ముందు, అయ్యాక, ఆరు నెలలకు. పాఠం చెప్పని ఇంకో తరగతిని కూడా అడిగి పోల్చాలి.

గుండ్లకమ్మ:
దొంగ అన్న ముద్ర ఎలా తయారైందో చెప్పకపోతే మిగతాదంతా వృథా. మ్యూనిక్ పోలీసులు 1899లోనే రోమాల పేర్లకు ప్రత్యేక దఫ్తరు తెరిచారు. ఫ్రాన్సు 1912లో కొలతలు, వేలిముద్రలున్న పుస్తకం చేతికిచ్చి, ఊరొచ్చినప్పుడూ పోయేటప్పుడూ ముద్ర వేయించుకోమంది. మన ఎరుకలవాళ్లను 1911 నేరస్థ తెగల చట్టం కింద స్టువర్టుపురంలో హాజరు పలికించిందీ ఇదే పద్ధతి. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఊరి పేరు వినగానే కొందరి నోట వచ్చే మాట ఇంకా రద్దవలేదు.

తుంగభద్ర:
ఇంత చదివాక కూడా వాళ్లు మనవాళ్లేనని గట్టిగా చెప్పరేం? 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభలో నీలం, ఆకుపచ్చ జెండా మధ్య ఎర్ర చక్రం పెట్టుకున్నారు. పలక గారి మొదటి పీరియడ్ అందుకే నాకు నచ్చింది.

గోదారిగట్టు:
నాకు అందుకే నచ్చలేదు. మొదటి రోజే "వీళ్లు ఇండియా నుంచి వచ్చారు" అంటే వెనక నుంచి ఒకడు "అయితే అక్కడికే పొమ్మనండి" అంటాడు. ఆరేడు వందల ఏళ్లుగా అక్కడున్నవాళ్లను మీ అంకెల ఆట పరాయివాళ్లను చేస్తుంది.

తుంగభద్ర:
మూలం దాచమంటారా? వాళ్ల భాషను వాళ్ల ముందే దాస్తారా? ఎవరో ఒకడు వెటకారం చేస్తాడని పిల్ల తన మాటలు మింగేయాలా? ఇది భయం, చదువు కాదు.

గోదారిగట్టు:
నోరు జారకండి. మీరు రోమా పిల్ల తల ఎత్తుకోవాలని పాఠం రాస్తున్నారు. నేను ఆమె పక్కన కూర్చోనన్న పిల్లాడి కోసం అడుగుతున్నాను. వాడికి కావలసింది చక్రం కథ కాదు. రొమేనియాలోని టిస్మానా మఠానికి 40 రోమా కుటుంబాలు దఖలుపడ్డట్టున్న 1385 నాటి పత్రం వాడు చదవాలి. 1856లో వలాకియాలో (ఇప్పటి రొమేనియాలో భాగం) చివరి బానిసలను విడిపించినప్పుడు పరిహారం ముట్టింది యజమానులకని తెలియాలి. అది వాడి ఊరి చరిత్ర, వాడి గుడి చరిత్ర.

పలక_బలపం:
నేను ఇద్దరికీ ఒకే పాఠం సరిపోతుందనుకున్నాను. ఈ దెబ్బ నాకు తగలాల్సిందే. సరే, 1385 పత్రంతో మొదలుపెట్టి అంకెల్ని నాలుగో పీరియడ్‌కి పంపుతాను.

తుంగభద్ర:
అంటే ఆ పిల్ల మూడు పీరియడ్లు బానిసగా, ఖైదీగా వినిపిస్తుంది. తన భాష వినపడేది చివరి రోజు. పరీక్షల ముందు సిలబస్ పూర్తికాకపోతే ఎగిరిపోయేది చివరి పీరియడేనని మీకు తెలియదా?