నలభైకి దగ్గర్లో డిగ్రీలో చేరాను, పుస్తకాలు ఎట్లా చదవాలి?

సింగరాయకొండ నుంచి, టైలరింగ్ షాపు నడిపే అక్క:

అందరికీ నమస్కారం. నాకు ముప్పై తొమ్మిదేళ్లు. పదో తరగతి అవగానే పెళ్లి, తర్వాత పిల్లలు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేసి ఇప్పుడు దూరవిద్యలో చదివించే ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ)లో బీఏలో చేరాను. అప్లికేషన్ మా మరిది కొడుకు పెట్టాడు. పుస్తకాలు వచ్చాయి, అన్నీ ఇంగ్లీషులో. నేను చదివిందంతా తెలుగు మీడియం. ఒక్కో పేజీకి చాలాసేపు పడుతోంది, తిప్పేసరికి ముందు పేజీలో ఏముందో గుర్తుండటం లేదు. ఇంటి దగ్గర రాసి ఇవ్వాల్సిన అసైన్‌మెంట్ ప్రశ్నలు చూస్తే ఇంకా టెన్షన్. ఇంటర్‌లో గైడు కొనుక్కుని బట్టీ పట్టేదాన్ని. ఇక్కడ ప్రశ్న ఒక రకంగా ఉంటే పాఠం ఇంకో రకంగా ఉంటోంది. మొన్న క్లాసుకి వెళ్తే పక్కనున్న అమ్మాయి "మీ పాప ఏ గ్రూపు ఆంటీ?" అని అడిగింది. మానేద్దామని లేదు. ఎట్లా చదవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కోవూరు నుంచి, రైస్‌మిల్లులో గుమస్తా, బీఏ చివరి ఏడాది:

అక్కా, నన్ను మొదటి క్లాసులో సార్ అనుకుని లేచి నిలబడ్డారు. దాని సంగతి వదిలెయ్.

చదవడం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. ఇగ్నో పుస్తకంలో ప్రతి యూనిట్ చివర "లెట్ అస్ సమ్ అప్" అని ఒక పేరా ఉంటుంది. ముందు అది చదువు. తర్వాత మధ్యమధ్యలో "చెక్ యువర్ ప్రోగ్రెస్" అని చిన్న ప్రశ్నలుంటాయి, అవి చూడు. వాటి జవాబులకు సూచనలు కూడా యూనిట్ వెనకాలే ఉంటాయి. ఇవి రెండూ అయ్యాక లోపలి పాఠంలోకి వెళ్తే ఏం వెతుక్కుంటూ చదవాలో తెలుస్తుంది.

ఇంగ్లీషు విషయానికి నేను చేసింది ఒకటే. ఏ పాఠమైనా ముందు తెలుగులో చదువుతాను. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాల్లో చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం ఉన్నాయి. పాతవైనా పర్లేదు, లైబ్రరీలో అడుగు. విషయం ముందే తెలిస్తే ఇంగ్లీషు సగం భారం తగ్గుతుంది. ఫోన్లో ఫొటో తీసి తర్జుమా చేసే యాప్‌లు పనికొస్తాయి గానీ పాఠంలోని ముఖ్యమైన మాటల దగ్గర తప్పుదారి పట్టిస్తాయి. వాటికి అకాడమీ పుస్తకమే నమ్మకం. ప్రింటు పుస్తకం షాపులో పెట్టుకోలేకపోతే ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞానకోశ్ సైట్లో పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి.

కావలి నుంచి ఒకరు:

ఇంత కష్టం దేనికండీ? అసైన్‌మెంట్లు రాసి అమ్మేవాళ్లు వాట్సాప్‌లో బోలెడు మంది. డబ్బు పడేస్తే అయిపోతుంది. పరీక్షకు ఓ వారం ముందు చూసుకుంటే చాలు.

ఒంగోలు నుంచి, ఆదివారాలు దూరవిద్య క్లాసులు చెప్పే లెక్చరర్:

కావలి సోదరుడికి ముందు జవాబు. ఆ అమ్మే కాగితాలు మా దగ్గరికి కట్టలుకట్టలుగా ఒకే జవాబుతో వస్తాయి, అచ్చుతప్పులతో సహా. చూడగానే తెలిసిపోతుంది. ఇగ్నోలో ఎక్కువ పేపర్లకు అసైన్‌మెంట్‌ది 30 శాతం, పరీక్షది 70 శాతం. ఆ 30 కొనుక్కున్నా మిగతా 70కి చెయ్యి సిద్ధం కాదు. అసైన్‌మెంటే పరీక్షకు రిహార్సల్.

అమ్మా, ఇప్పుడు మీ సంగతి. పెద్ద వయసులో వచ్చేవాళ్లకు విషయం తెలియక ఇబ్బంది పడటం నేను తక్కువ చూశాను. ఊరు, పంట, అప్పు, ఎన్నికలు, ఆడవాళ్ల పని వీటి గురించి ఇరవై ఏళ్ల పిల్లల కంటే మీకే ఎక్కువ తెలుసు. ఆ తెలిసినదాన్ని యూనివర్సిటీ అడిగే పద్ధతిలో పెట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఇంటర్ ప్రశ్న "ఏం జరిగింది" అంటుంది. డిగ్రీ ప్రశ్న "ఎందుకు జరిగింది, అట్లాగే ఎందుకు జరిగింది" అంటుంది. గైడు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ. "సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీసిన కారణాలను పరిశీలించండి" అని ప్రశ్న ఇచ్చారనుకోండి. చాలామంది ఇట్లా రాస్తారు: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఉద్యమం మొదలైంది, రోశమ్మ నాయకత్వం వహించింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అన్నీ నిజాలే. కానీ ప్రశ్న అడిగింది కారణాలు, ఈ జవాబులో ఒక్క కారణమూ లేదు.

ఇప్పుడు కారణాలు వెతకండి. కూలి డబ్బు సారా దుకాణానికి పోయి ఇల్లు గడవకపోవడం ఒకటి. అది మాత్రమే కారణమైతే ఉద్యమం అన్ని జిల్లాల్లో ఒకేసారి పుట్టాలి కదా, నెల్లూరులోనే ముందు ఎందుకు పుట్టింది? అక్కడ అప్పటికే రాత్రి బడులు నడుస్తున్నాయి. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు తమ ఇంటి కష్టాన్ని పదిమందిలో మాట్లాడుకునే చోటు దొరికింది. వాచకంలోని పాఠాలు కూడా వాళ్ల బతుకు గురించే ఉన్నాయి. ఇది రెండో కారణం. మూడోది, సారా దుకాణాల వేలం పాటల మీద ప్రభుత్వానికి పెద్ద ఆదాయం ఉండటం. అందుకే గొడవ తాగేవాడితో ఆగలేదు, వేలాల్ని అడ్డుకునేదాకా వెళ్లింది. ఒక్కో కారణానికి ఒక పేరా, ప్రతి పేరాలో ఒక ఆధారం. తేదీలు ఆ పేరాల్లో అవసరమైన చోట వాటంతట అవే వస్తాయి. చివర్లో ఈ మూడింట్లో ఏది బలమైనదని మీరనుకుంటున్నారో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. "పరిశీలించండి" అన్న ప్రశ్నకు అదీ జవాబు.

ఇంకో మాట. పుస్తకం మొత్తం చదివాక అసైన్‌మెంట్ రాద్దామని కూర్చోవద్దు. ప్రశ్న ముందు పెట్టుకుని దానికి కావలసిన యూనిట్లే చదవండి.

సింగరాయకొండ అక్క:

సార్, మా అత్తగారి పుట్టిల్లు నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గరే. సారా దుకాణం ముందు బైఠాయించినవాళ్లలో ఆవిడ కూడా ఉందట. అది జవాబులో రాయొచ్చా?

ఒంగోలు లెక్చరర్:

రాయొచ్చు, ఒకటి రెండు వాక్యాల్లో. ముందు కారణం, దానికి పుస్తకంలోని ఆధారం, ఆ తర్వాత ఉదాహరణగా ఇది. ఆధారం బదులు ఇదే రాస్తే కుదరదు. ఆవిడ కోపంగా చెప్పిన సంగతులు వదిలేసి, ఎవరు పిలిచారు, ఎక్కడ కలిశారు, దుకాణం వాడు ఏం చేశాడు లాంటివి అడిగి రాసుకోండి.

సింగరాయకొండ అక్క:

తెలుగులో రాస్తే ఒప్పుకుంటారా సార్?

ఒంగోలు లెక్చరర్:

ఇంగ్లీషు మీడియం కోర్సు అయినా స్థానిక భాషలో పరీక్ష రాసుకోనివ్వమని 2023 ఏప్రిల్‌లో యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ) యూనివర్సిటీలను కోరింది. కోరింది అంతే. మీ కోర్సుకు అది వర్తిస్తుందో లేదో ఇగ్నో విజయవాడ రీజినల్ సెంటర్‌కు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. స్నేహితులు చెప్పారని తెలుగులో రాసి రావొద్దు.

కోవూరు గుమస్తా:

చెయ్యి గురించి ఎవరూ చెప్పలేదు. అక్కా, మనకు రాసే అలవాటు పోయింది. మిల్లులో నేను రాసేది బస్తాల లెక్కే, మూడు గంటల పరీక్షలో రెండో గంటకే వేళ్లు పట్టేశాయి. గడియారం పెట్టుకుని రోజూ ఒక పేజీ రాయి, ఏ పాఠమైనా సరే. అక్షరం గుండ్రంగా రాకపోయినా వేగం వస్తే చాలు. చదవడం కంటే ఇదే నాకు ఎక్కువ మార్కులు తెచ్చింది.

సింగరాయకొండ అక్క:

కత్తెర పట్టుకుంటే నొప్పి లేదు, పెన్ను పట్టుకుంటే వస్తోంది తమ్ముడూ! ఇంకో సందేహం. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు అర్ధరాత్రి దాకా బ్లౌజులే. అన్ని పేపర్లూ ఒకేసారి రాయాలా?

ఒంగోలు లెక్చరర్:

అక్కర్లేదు. ఇగ్నోలో జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పరీక్షలు. పరీక్ష ఫారంలో ఏ పేపర్లు టిక్ పెడితే అవే, ఫీజు కూడా పేపరుకు ఇంత అని కడతారు. కాకపోతే ఆ పేపరు అసైన్‌మెంట్ ముందే ఇచ్చి ఉండాలి. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. మీ ఆర్డర్ల పుస్తకం తీసి చూడండి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు గానీ సంక్రాంతి బట్టలుంటాయి. దాన్నిబట్టి బరువైన పేపర్లు ఎప్పుడు రాయాలో మీకే తెలుస్తుంది. మొదటిసారి రెండుమూడు పేపర్లకు మించి పెట్టుకోవద్దని నా సలహా. అన్నీ కట్టేసి సగం రాయకుండా వదిలేసినవాళ్లే మధ్యలో మానేస్తారు.

పొదిలి నుంచి, నెట్ సెంటర్ నడిపేవాడిని:

చేరబోయేవాళ్ల కోసం చెబుతున్నా. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా నంబరు), డీఈబీ ఐడీ (యూజీసీలో దూరవిద్య చూసే విభాగం ఇచ్చే నంబరు) కావాలి. ఇవి ఆధార్ ఆధారంగా వస్తాయి. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పెట్టుకున్న ఆడవాళ్లకు ఇక్కడే చిక్కు. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. మెమో ప్రకారం ఆధార్ సరిచేయించుకుంటే ముందుముందు తలనొప్పి ఉండదు. ఆధార్‌లో పేరు మార్చడానికి రెండుసార్లే అవకాశం, కాబట్టి స్పెల్లింగ్ చూసుకుని వెళ్లండి. ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో కూడా యూజీసీ డీఈబీ సైట్లో చూడకుండా ఏ ఏజెంటుకీ డబ్బు కట్టొద్దు.

సింగరాయకొండ అక్క:

నాదీ అదే ఇబ్బంది, మావాడు రెండు రోజులు తిరిగి సరిచేయించాడు. సార్, మీరు చెప్పినట్టు ఒక పేరా రాశాను, చూడండి: "నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం ముందుగా రావడానికి రాత్రి బడులు ఒక ముఖ్య కారణం. చదువు కోసం రోజూ కలుసుకున్న స్త్రీలు తమ సమస్య ఒక్క ఇంటిది కాదని గ్రహించారు. మా అత్తగారి ఊరిలో బడి దగ్గరే దుకాణం మూయించాలనే నిర్ణయం జరిగింది. అందుకే చదువుకున్న స్త్రీ సమాజానికి వెలుగు."

ఒంగోలు లెక్చరర్:

మొదటి మూడు వాక్యాలు నేను మార్కులు వేసే జవాబే. రెండో వాక్యం ఏ పుస్తకం నుంచి వచ్చిందో పక్కన రాయండి. నాలుగోది కొట్టేయండి, అది సభలో మాట్లాడేది. ఆ చోట్లో ఆ నిర్ణయం తర్వాత ఏమైందో రాయండి.

కోవూరు గుమస్తా:

అక్కా, స్టడీ సెంటర్లో ఇచ్చేముందు అసైన్‌మెంట్ జిరాక్స్ తీసి పెట్టుకో. రసీదు మీద తేదీ, స్టాంపు ఉన్నాయో చూసుకుని రా. మార్కులు ఎక్కకపోతే అదే చూపించాలి.