థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌లో ప్యాచ్ విరగకుండా తెలుగు పేరా మాత్రమే మడిచేదెట్లా?

హనుమకొండ, కాజీపేట, జనగామ నుంచి మా బృందం కోడ్ ప్యాచ్‌లు (కోడ్‌లో చేసిన మార్పులు చూపే పాఠం) మెయిల్‌లోనే పంపుకుంటది. హెచ్‌టీఎంఎల్ ఆపేసి ప్లెయిన్ టెక్స్ట్ పెట్టినం. అక్కరలేని పాత పాఠం కత్తిరించి, జవాబు దాని కిందనే రాస్తున్నం. అక్కడ తకరారు లేదు.

చిక్కంతా వరుస మడతతోనే. వరుసను ఎంత పొడవుకు మడవాలో చెప్పే సెట్టింగ్ మెయిల్‌న్యూస్ ర్యాప్‌లెంగ్త్ (mailnews.wraplength) 72 ఉంటే ప్యాచ్‌లో పొడుగు వరుస రెండు ముక్కలై, ప్యాచ్‌ను కోడ్‌లో కలిపే గిట్ అప్లై ఆదేశం ఒప్పుకోదు. 0 చేస్తే ప్యాచ్ బాగుంటది గానీ తెలుగు పేరా అంతా ఒకే వరుసైతది. యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు కూడా 3 బైట్లు. మెయిల్‌లో వరుసకు ఉండే 998 బైట్ల హద్దు 332 తెలుగు గుర్తులు దాటితే చాలు, మించిపోతది.

ప్యాచ్‌ను అటాచ్ చేస్తే వరుసల మధ్య వ్యాఖ్య రాయలేం. గిట్ నుంచే నేరుగా ప్యాచ్ పంపే గిట్ సెండ్-ఈమెయిల్ కొత్తవాళ్లకు కష్టం. 0 ఉంచి, పేరా వరకే ఎంచుకొని కంట్రోల్+ఆర్ (వరుసలను మళ్లీ మడిచే రీర్యాప్) కొడితే సరిపోతదా? తెలుగు వెడల్పును అది ఎట్లా లెక్కిస్తది? వాడినవాళ్లు సెట్టింగ్ విలువలతో సహా చెప్పండి.