ఉత్తరం బాల్కనీలో ఆక్వాపోనిక్స్‌కి ఏ లైటు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో రెండో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలో ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లనే పంపుతో మొక్కలకు పెట్టి పెంచడం) మొదలుపెట్టాను: 100 లీటర్ల టబ్బు, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, పైన కంకర ట్రేలో పాలకూర, పుదీనా. ఎదురుగా అపార్ట్‌మెంటు లేచాక మొక్కలు ఎండ మొహం చూడలేదు. పాలకూర కాడలు జానెడు సాగి వాలిపోతున్నాయి. మొక్కలు పెరగడానికి పెట్టే ఊదారంగు గ్రో లైటు కొన్నాను. ఆ వెలుగులో ఆకు పచ్చగా ఉందో పసుపెక్కిందో తెలియడం లేదు. పైగా కింది వాళ్లు "రాత్రిళ్లు ఏం పూజలండీ?" అని అడిగారు! ఏది కొనాలి? కరెంటు బిల్లు టెన్షన్ కూడా ఉంది.

జవాబు: ఊదాలోనూ మొక్క పెరుగుతుందండీ, కానీ జబ్బు కనబడదు. ఫుల్ స్పెక్ట్రమ్ (ఎండలా అన్ని రంగుల వెలుగూ ఉండే) తెల్ల ఎల్‌ఈడీ తీసుకోండి. మీ ట్రేకి 40 వాట్లు చాలు. ఆకులకు జానెడున్నర ఎత్తున కట్టి, టైమరుతో రోజుకు 14 గంటలు వెలిగించండి. నెలకు దాదాపు 17 యూనిట్లు, అంతే.

ఇంకో జవాబు: అన్నా, వెలుగు టబ్బులో పడనివ్వకు. నేను ఆ తప్పే చేశా. నీళ్లు గోంగూర పులుసు రంగుకొచ్చి, పంపు జాలికి నాచు పట్టేసింది. చేపలకూ రాత్రి చీకటి కావాలి.

ప్రశ్న అడిగినవారు: టబ్బుకు బియ్యం సంచి చుట్టాను, పర్లేదా?

జవాబు: తెల్ల సంచిలోంచి వెలుగు దూరుతుందన్నా. సంచికీ టబ్బుకీ మధ్య నల్ల పాలిథిన్ వెయ్. వైరు కూడా ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వచ్చేలా వదులు, నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.