రైస్ మిల్లు కంపెనీలో మాకు 30 శాతం వాటా ఉంది; కొత్త షేర్ల జారీని ఆపగలమా?

ప్రశ్న:
మాది గోదావరి జిల్లాలో తాతగారు పెట్టిన రైస్ మిల్లు, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. మొత్తం లక్ష షేర్లలో నాన్నగారి 30,000 ఆయన పోయాక నా పేరుకు మారాయి. మిగతావన్నీ పెదనాన్నగారి కొడుకులవి, డైరెక్టర్లూ వాళ్లే. మూడేళ్లుగా వార్షిక సమావేశానికి నోటీసు రాలేదు. పోయిన వారం మాత్రం స్పీడ్ పోస్టులో కవరు వచ్చింది: ఇంకో లక్ష షేర్లు జారీ చేస్తున్నామనీ, నా వంతు 30,000 షేర్లకు పదిహేను రోజుల్లో డబ్బు కట్టకపోతే వాటిని వదులుకున్నట్టేననీ అందులో ఉంది. అంత డబ్బు నా దగ్గర లేదు. పాతిక శాతం దాటినవారు ప్రత్యేక తీర్మానాన్ని ఓడించవచ్చంటారు కదా, ఆ బలంతో దీన్ని ఆపలేనా?

జవాబు 1:
ఆ బలం ఇక్కడ పనికిరాదండీ. ప్రత్యేక తీర్మానానికి అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లుండాలి కాబట్టి, షేర్లను బయటివారికి ఇవ్వబోతే మీరు అడ్డుపడగలరు. కానీ ఉన్న వాటాదారులకే దామాషాలో ఇవ్వజూపే రైట్స్ ఇష్యూకు, 2013 కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం, బోర్డు నిర్ణయమే చాలు. మీరు కట్టక, ఆ షేర్లనూ మిగతావాళ్లే తీసుకుంటే మీ వాటా 15 శాతానికి దిగుతుంది, ఆ తర్వాత ప్రత్యేక తీర్మానాలనూ ఆపలేరు. చాలా కుటుంబ కంపెనీల్లో చిన్న వాటాదారును పలచన చేసే దారి ఇదే.

ఒక్కటి చూడండి. అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల షేర్ల గరిష్ఠ పరిమితి) సరిపోక దాన్ని పెంచి ఉంటే, అందుకు సర్వసభ్య సమావేశం జరిగి తీరాలి. ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ నియమావళిలో, వేరే నియమం లేకపోతే దానికి 21 రోజుల నోటీసు ఉండాలి, గడువు తగ్గించాలంటే 95 శాతం వాటా ఒప్పుకోవాలి. మీరు లేకుండా ఆ లెక్క ఎలా కుదురుతుంది? కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి, మూలధనం పెంపును తెలియజేస్తూ కంపెనీ దాఖలు చేసే ఎస్‌హెచ్-7 ఫారం తెరవండి.

జవాబు 2:
పై మాట సరైనదే కానీ, బోర్డుకు అధికారం ఉన్నంత మాత్రాన దాన్ని ఎలాగైనా వాడవచ్చని కాదు. నీడిల్ ఇండస్ట్రీస్ కేసులో 1981లో సుప్రీంకోర్టు, కేవలం పెత్తనం నిలుపుకోవడానికే షేర్లు జారీ చేస్తే చెల్లదనీ, కంపెనీకి నిజంగా డబ్బు అవసరమైతే డైరెక్టర్లకు పక్క లాభం కలిగినా తప్పులేదనీ చెప్పింది. కాబట్టి ఆ డబ్బు దేనికో, ధర ఎలా కట్టారో గడువులోగానే రాతపూర్వకంగా అడగండి. వాటాదారును అణచివేస్తున్నారంటూ 241వ సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో వేసే పిటిషన్‌కు పదో వంతు వాటా చాలు, ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు దాని అమరావతి బెంచ్ ఉంది. వార్షిక సమావేశం జరపకపోతే జరిపించమని 97వ సెక్షన్ కింద ఏ సభ్యుడైనా ఆ ట్రిబ్యునల్‌ను అడగవచ్చు, దానికి వాటా పరిమితి లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఫారం చూశాను. మూలధనం పెంచిన సమావేశానికి సభ్యులందరూ హాజరై, తక్కువ గడువు నోటీసుకు ఒప్పుకున్నట్టు తీర్మానం నకలులో ఉంది. ఆ రోజు నేను మస్కట్‌లో ఉద్యోగంలో ఉన్నాను.

జవాబు 1:
అయితే పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీల నకళ్లు తీయించి, సమావేశాల్లో జరిగింది నమోదు చేసే మినిట్స్ పుస్తకం చూపమని 119వ సెక్షన్ కింద ఈరోజే లేఖ రాయండి. సమ్మతి పత్రంలో మీ సంతకం ఎవరు పెట్టారన్నది అక్కడే తేలుతుంది.