తాళంచెవిలో ఉన్న ‘చెవి’ మన చెవేనా?

మొన్న బండి తాళంచెవి కనబడక ఇల్లంతా వెతుకుతుంటే మా ఏడేళ్ల పాప "నాన్నా, తాళానికి చెవి ఎందుకుంటుంది?" అని అడిగింది. గుత్తికి తగిలించే గుండ్రటి వైపు చెవిలా ఉంటుంది కదా, అందుకే అనేశాను. తర్వాత నాకే డౌటొచ్చింది.

హిందీలో చాబీ, మరాఠీలో చావీ, తమిళంలో సావి. ఇవన్నీ పోర్చుగీసు ‘షావి’ నుంచి వచ్చాయంటారు, దానికి మూలం లాటిన్ ‘క్లావిస్’. లాటిన్‌లో మాట మొదట ఉన్న ‘క్ల’ పోర్చుగీసులో ‘ష’ అయింది, అదే మాట ఇటాలియన్‌లో ‘కియావే’, స్పానిష్‌లో ‘యావే’. మరి మన చెవి కూడా ఆ ఓడల్లో దిగిందేనా, లేక అచ్చ తెలుగు చెవికి ఆ మాట తగిలి అతుక్కుపోయిందా? (మా ఇంట్లో అయితే ఆ గొడవే లేదు, కప్పనీ తాళమే అంటారు, చెవినీ తాళాలే అంటారు.)

వాస్కో డ గామా కోళికోడు చేరింది 1498లో. అంతకుముందు కావ్యాల్లోగానీ శాసనాల్లోగానీ ఈ అర్థంలో ‘చెవి’ ఎక్కడైనా కనిపించిందా? చూసినవాళ్లుంటే ఆ పద్యమో వాక్యమో పెట్టండి ప్లీజ్. మీ ఊళ్లో దీన్ని ఏమంటారో కూడా చెప్పండి.