ఇంటి కంప్యూటర్‌లో విండోస్ సర్వీసులను మనమే ఆపివేయడం మంచిదేనా?

ప్రశ్న అడిగినవారు: ఏలూరు సభ్యులు

మా ఇంట్లో 4 జీబీ ర్యామ్, పాతరకం హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. అందులో ఉన్నది విండోస్ 10. విండోస్ 11కు ఆ యంత్రం అర్హత పొందలేదు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పాఠాలు దానిలోనే చూస్తుంది, నేను బ్యాంకు పనులు దానిలోనే చేసుకుంటాను. ఆన్ చేసిన తరువాత చాలాసేపటి వరకు ఏది నొక్కినా స్పందించదు, టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వాడకం 100 శాతం అని కనిపిస్తుంది. ఒక మరమ్మతు దుకాణంవారు ఏదో స్క్రిప్టు (వరుసగా ఆదేశాలు ఉన్న ఫైలు) నడిపి అనవసరమైన సర్వీసులన్నిటినీ, అంటే విండోస్ నేపథ్యంలో నడిపే ప్రోగ్రాములను, ఒకేసారి ఆపివేస్తామని చెప్పారు. వారి జాబితాలో సిస్‌మెయిన్, విండోస్ సెర్చ్, విండోస్ అప్‌డేట్, ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనులను వరుసలో పెట్టేది), టెలిమెట్రీ (వాడకం వివరాలను మైక్రోసాఫ్ట్‌కు పంపేది) మొదలైనవి ఉన్నాయి. ఒప్పుకోవాలా, వద్దా? దయచేసి కారణాలతో సహా చెప్పండి.

హైదరాబాద్ సభ్యులు

ఏలూరు మిత్రులకు నమస్కారం. అప్‌డేట్‌ను మినహాయిస్తే, ఆ జాబితాలో చాలావాటిని ఆపివేయవచ్చుననే నా అభిప్రాయం. డబ్బు పెట్టి కొన్న యంత్రంలో ఏది నడవాలో నిర్ణయించే హక్కు యజమానిదే. విండోస్ తయారీదారులు ప్రపంచంలోని అన్ని రకాల వినియోగదారులనూ దృష్టిలో పెట్టుకుని సర్వీసులను ముందుగానే తెరిచి ఉంచుతారు. మీ ఇంట్లో ప్రింటరే లేనప్పుడు ప్రింట్ స్పూలర్ ఎందుకు నడవాలి? 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడినప్పుడు, సవరణ వచ్చేలోగా స్పూలర్‌ను ఆపివేయడం ఒక రక్షణ మార్గమని మైక్రోసాఫ్టే సూచించింది. కనుక సర్వీసును ఆపడం అంటే భద్రతను తగ్గించుకోవడమేనన్న వాదన అన్ని వేళలా నిలవదు.

సిస్‌మెయిన్ విషయం ఇంకా స్పష్టంగా ఉంది. విండోస్ విస్టా కాలంలో సూపర్‌ఫెచ్ అనే పేరుతో వచ్చిన ఈ సర్వీసు, మీరు తరచుగా వాడే ప్రోగ్రాములను ముందే ఊహించి డిస్క్ నుంచి మెమరీలోకి తెచ్చి పెడుతుంది. తీరిగ్గా ఉన్న డిస్క్‌కు అది మేలే కానీ, ఆన్ చేసిన వెంటనే వంద పనులతో సతమతమయ్యే పాత డిస్క్‌కు మరొక భారం అవుతుంది. దానిని ఆపగానే డిస్క్ వాడకం దిగివచ్చిన యంత్రాలను నేను స్వయంగా చూశాను.

విశాఖపట్నం సభ్యులు

నా ఉద్యోగమే కంప్యూటర్ల నిర్వహణ. పై అభిప్రాయంతో నేను విభేదిస్తున్నాను. హక్కు విషయంలో పేచీ లేదు. ఆ హక్కును ఎక్కడ వాడితే ఫలితం దక్కుతుందన్నదే నా ప్రశ్న.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. టాస్క్ మేనేజర్‌లో వందకు పైగా ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) కనిపించగానే చాలామంది కంగారు పడతారు. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న యంత్రాలలో, అంతకుముందు ఒకే సర్వీస్ హోస్ట్ (సర్వీసులను తనలో నడిపే ప్రాసెస్) కింద గుంపుగా నడిచిన సర్వీసులను చాలావరకు విడివిడి ప్రాసెస్‌లుగా చూపడం మొదలైంది. ఒకటి కూలిపోతే మిగిలినవి కూలిపోకుండా ఉండటమూ, ఏది ఎంత వాడుకుంటోందో తెలియడమూ అందులోని ఉద్దేశం. అందువల్ల ప్రాసెస్‌ల సంఖ్య భారానికి కొలమానం కాదు. పని లేని సర్వీసు ప్రాసెసర్‌ను దాదాపు వాడదు, దాని మెమరీ పేజీలను (మెమరీలోని చిన్న భాగాలను) కూడా అవసరమైతే విండోస్ వెనక్కి తీసుకుంటుంది. ప్రింటర్ లేని ఇంట్లో స్పూలర్‌ను ఆపడం భద్రత కోసమైతే సమంజసమే, వేగం కోసమైతే మాత్రం దానివల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

ఇక సిస్‌మెయిన్. హైదరాబాద్ మిత్రులు అది ప్రోగ్రాములను డిస్క్ నుంచి ముందే చదివి పెట్టడం గురించి మాత్రమే చెప్పారు, రెండవ పనిని చెప్పలేదు. విండోస్ 10లో మెమరీ కుదింపు అనే ఏర్పాటు ఉంది. ర్యామ్ నిండుతున్నప్పుడు, కొంతకాలంగా వాడని పేజీలను డిస్క్ మీది పేజ్‌ఫైల్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలులోకి) పంపే ముందు, వాటిని ర్యామ్‌లోనే కుదించి ఉంచడం ఆ ఏర్పాటు చేసే పని. ఇది సిస్‌మెయిన్ మీదనే ఆధారపడి ఉంది. ఆ సర్వీసును శాశ్వతంగా నిలిపివేస్తే కుదింపు కూడా ఆగిపోతుంది. 16 జీబీ ఉన్న యంత్రంలో ఆ తేడా తెలియకపోవచ్చు. 4 జీబీ ర్యామ్, నెమ్మదైన డిస్క్ ఉన్న యంత్రంలో మాత్రం, కుదింపు లేకపోతే ఆ పేజీలన్నీ వెళ్లి పడేది ఇప్పటికే ఊపిరాడని ఆ డిస్క్ మీదనే. అంటే ఏ యంత్రంలో ఈ సర్వీసును ఆపమని అందరూ సలహా ఇస్తారో, దాని అవసరం ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఆ యంత్రానికే.

డిస్క్ 100 శాతం అని చూపడంలోని అర్థం కూడా గమనించాలి. అది డిస్క్ ఎంత సేపు ఖాళీ లేకుండా ఉందో చెప్పే లెక్క, ఎంత డేటా కదిలిందో చెప్పే లెక్క కాదు. హార్డ్ డిస్క్‌లో తలభాగం అటూ ఇటూ కదలాలి కాబట్టి, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను చదివేటప్పుడు సెకనుకు సుమారు వంద అభ్యర్థనల దగ్గరే దాని శక్తి అయిపోతుంది. కదిలే భాగాలు లేని సాధారణ ఎస్‌ఎస్‌డీ డిస్క్ అదే సెకనులో వేల సంఖ్యలో తీరుస్తుంది. కనుక జబ్బు డిస్క్‌లో ఉంటే సర్వీసులకు శిక్ష వేయడం న్యాయం కాదు.

విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ విభాగంలో ఏ ఫైలు మీద పని జరుగుతోందో చూడండి. ఆ జాబితాలో పేజ్‌ఫైల్ పై వరుసల్లో కనిపిస్తే ర్యామ్ చాలడం లేదని అర్థం. అప్పుడు చేయవలసిన పని టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో ఉంది. మీటింగ్ యాప్‌లు, పాటల యాప్‌లు, ప్రింటర్ కంపెనీల సహాయక ప్రోగ్రాములు, క్లౌడ్‌లో ఫైళ్లు దాచే ప్రోగ్రాములు మిమ్మల్ని అడగకుండానే అక్కడ చేరి ఉంటాయి. వాటిని అక్కడ నిలిపివేస్తే విండోస్‌కు ఏ నష్టమూ లేదు, కావలసినప్పుడు మీరే తెరుచుకోవచ్చు. బ్రౌజర్ మూసిన తరువాత కూడా నేపథ్యంలో నడిచే అమరిక క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ ఉంటుంది, దానిని కూడా తీసివేయండి. ర్యామ్‌ను శుభ్రం చేస్తామనే ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి; అవి నడుస్తున్న ప్రోగ్రాముల పేజీలను బలవంతంగా బయటకు నెట్టి ఖాళీ ఎక్కువైనట్లు చూపుతాయి, ఆ పేజీలు మళ్లీ కావలసి వచ్చినప్పుడు వేచి ఉండవలసినది మీరే.

హైదరాబాద్ సభ్యులు

మెమరీ కుదింపు గురించి విశాఖ మిత్రులు చెప్పినది ముఖ్యమైన విషయమే. అయినా బ్రౌజర్‌లో ఒకటి రెండు ట్యాబులు మాత్రమే తెరిచే ఇంట్లో 4 జీబీ నిండకపోవచ్చు, అటువంటి చోట కుదింపు వల్ల కలిగే లాభం కంటే ఆన్ చేసిన వెంటనే ప్రోగ్రాములను ముందే చదివి పెట్టడం వల్ల కలిగే ఇబ్బందే పెద్దది. కాబట్టి ఇది సిద్ధాంతంతో తేలదు, ఆ యంత్రంలోనే చూడాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ వివరాల భాగం తెరిస్తే, వాడుకలో ఉన్న మెమరీ పక్కన బ్రాకెట్లలో కుదించిన భాగం ఎంతో కనిపిస్తుంది. అమ్మాయి పాఠం చూస్తున్న సమయంలో ఆ అంకె చాలా చిన్నదిగా ఉంటే సిస్‌మెయిన్‌ను ఆపి చూడండి, వందల ఎంబీలలో ఉంటే ఉంచండి.

టెలిమెట్రీ విషయంలో మాత్రం నా మాట మారదు. నా వాడకం వివరాలు బయటకు వెళ్లాలా వద్దా అన్నది వేగంతో ముడిపడిన ప్రశ్న కాదు.

కరీంనగర్ సభ్యులు

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. మీ ఇద్దరి చర్చలోకి రాని సంగతి ఒకటి ఉంది. విండోస్ తన నిర్వహణ పనులకు, అంటే డిస్క్‌ను సర్దడం, వైరస్ తనిఖీ వంటివాటికి, మామూలుగా రాత్రి 2 గంటలను కేటాయించుకుంటుంది. మన ఇళ్లలో రాత్రి స్విచ్చి బోర్డు దగ్గరే కరెంటు తీసివేస్తాము. అలా మిగిలిపోయిన పనులను మరునాడు కాస్త ఖాళీ దొరకగానే మొదలుపెడుతుంది, అదే సమయంలో పిల్లలు పాఠానికి కూర్చుంటారు. వారానికి ఒకటి రెండు సార్లు, ఎవరూ వాడని వేళ ఛార్జర్ పెట్టి ఒక గంట అలాగే ఆన్‌లో వదిలివేయమని నేను చెబుతాను. ఏ సర్వీసునూ ముట్టుకోకుండా ఈ ఒక్క అలవాటుతో కుదుటపడిన ఇళ్లు ఉన్నాయి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్ వాడేవారు ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాకు పరిమితి ఉందని విండోస్‌కు తెలిపే అమరిక) మార్చుకోవాలి. అప్పుడు రోజువారీ డేటాను పెద్ద అప్‌డేట్‌లు మింగివేయవు. డెలివరీ ఆప్టిమైజేషన్ అనే అమరికలో ఇతర కంప్యూటర్ల నుంచి డౌన్‌లోడ్‌లను అనుమతించడాన్ని కూడా ఆపాలి, లేకపోతే దిగిన అప్‌డేట్ భాగాలను మీ యంత్రం ఇతరులకు పంపే అవకాశం ఉంది. విండోస్ అప్‌డేట్ సర్వీసును చంపకుండానే డేటాను కాపాడుకునే దారులు ఇవి.

విశాఖపట్నం సభ్యులు

కరీంనగర్ మిత్రులు చెప్పిన రెండు సూచనలూ అమూల్యమైనవి. అప్‌డేట్ విషయంలో మనం ముగ్గురమూ ఒకే మాట మీద ఉన్నాము కనుక, దానికి కారణం కూడా ఇక్కడ నమోదు కావాలి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే సవరణ విడుదల చేసింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా సవరణలు 2026 అక్టోబర్ 13 వరకు అందేలా ఒక పథకం ఉంది, దానిలో నమోదు కావాలి. అప్‌డేట్ సర్వీసును స్క్రిప్టుతో తొలగించుకున్న యంత్రానికి అవి చేరవు, పైగా మీరు బ్యాంకు పనులు చేసేది ఆ యంత్రంలోనే.

టెలిమెట్రీని ఆపివేయడానికి నాకు అభ్యంతరం లేదు. సిస్‌మెయిన్ గురించి హైదరాబాద్ మిత్రులు చెప్పిన పరీక్ష న్యాయమైనదే కానీ, అమ్మాయి పాఠంతో పాటు రెండు పీడీఎఫ్‌లు తెరిచి ఉంచినప్పుడు కూడా ఆ అంకెను చూడండి, 4 జీబీ నిండడానికి అంతకంటే ఎక్కువ అక్కరలేదని నా అనుభవం. స్క్రిప్టును మాత్రం నడపనివ్వకండి. దానిలో ఏమేమి మార్చారో రాసి ఇవ్వరు, రేపు ఏదైనా పనిచేయకపోతే ఏది తిరిగి తెరవాలో తెలియదు. ఏ సర్వీసునైనా ఆపదలచుకుంటే ఒకసారికి ఒక్కటే ఆపి, దాని పేరూ పాత అమరికా కాగితం మీద రాసుకుని, కొన్నాళ్లు వాడి చూసిన తరువాతే రెండవదాని దగ్గరకు వెళ్లండి. ఆ దుకాణంవారికి ఇవ్వదలచిన డబ్బుకు ఇంకొంత కలిపి హార్డ్ డిస్క్ స్థానంలో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి.